ఓపీలో ఒక్క నిమిషం: గర్భాశయ ముఖద్వార పరీక్షలో చేయవలసినవి - చేయకూడనివి

బీపీ మాత్రలకో, పిల్లాడి జ్వరానికో పీహెచ్‌సీకి వచ్చిన ఆవిడను "ముప్పై దాటాయి కదమ్మా, గర్భసంచి ముఖద్వారం కూడా చూపించుకో" అని నర్సమ్మ అడిగితే, ఎక్కువగా వినపడే జవాబు "నాకేం బాధ లేదమ్మా" అనే. బాధ లేనప్పుడు చేసేదే ఈ పరీక్ష. హెచ్‌పీవీ వైరస్ సోకి, పోకుండా తిష్ఠ వేసి, క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్ళకు పైనే పడుతుంది. అన్నేళ్ళూ నొప్పి ఉండదు, రక్తం కనపడదు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 30-49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 1.9 శాతమే.

చేయవలసినవి

ముప్పై నిండినప్పటి నుంచి అరవై ఐదు దాకా అయిదేళ్ళకోసారి చేయించుకోండి. ప్రభుత్వ కార్యక్రమంలో పెట్టిన లెక్క ఇదే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు పాతికేళ్ళకే మొదలుపెట్టి ఇంకా తరచుగా చేయించుకోవాలి. హెచ్‌పీవీ టీకా వేయించుకున్నవాళ్ళకూ మినహాయింపు లేదు.

నెలసరి ఆగాక రండి. ముందు రెండు రోజులు భార్యాభర్తలు దూరంగా ఉండటం, లోపల మందులు పెట్టుకోకపోవడం, కడుక్కోకపోవడం మంచిది. గర్భవతి అయితే ఆ మాట ముందే చెప్పండి. కాన్పయి మూడు నెలలు నిండాక చేస్తారు.

ఏం చేస్తారో అడిగి తెలుసుకోండి. పీహెచ్‌సీల్లో ఎక్కువగా చేసేది వీఐఏ. ముఖద్వారానికి పలచని అసిటిక్ ఆమ్లం అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. కాస్త చురుక్కుమనవచ్చు. తెల్లమచ్చ తేలితే అనుమానం, లేకపోతే లేదు. ఫలితం అక్కడికక్కడే చెబుతారు. ముట్లుడిగినవాళ్ళలో చూడవలసిన భాగం లోపలికి జరిగిపోతుంది కాబట్టి వీఐఏ అంత నమ్మకంగా పనిచేయదు. అలాంటివాళ్ళు పాప్ స్మియర్ గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ ఎక్కడ చేస్తారో అడగాలి.

మగవాళ్ళున్న ఓపీలో సిగ్గనిపిస్తే ఆడవాళ్ళకు విడిగా కేటాయించిన రోజు ఉందేమో కనుక్కోండి. తెలంగాణలో 2023 మార్చిలో మంగళవారాలకని మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ క్లినిక్కుల ఉద్దేశం అదే.

చేయకూడనివి

"నాకు ఆపరేషన్ అయిపోయింది" అని తప్పుకోకండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ళ శాతంలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది, అందుకే ఈ మాట మన దగ్గర మరీ ఎక్కువ. ఆ ఆపరేషన్‌లో కట్టేది నాళాలను. ముఖద్వారం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. గర్భసంచి తీయించుకున్నవాళ్ళు సైతం ముఖద్వారం కూడా తీశారో లేదో డిశ్చార్జి కాగితం చూపించి అడగాలి.

తెల్లబట్ట అవుతోందని చెబితే "క్యాన్సరొస్తుంది, సంచి తీసేద్దాం" అనేవాళ్ళ మాటకు వెంటనే తలూపకండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చిన్న వయసులోనే గర్భసంచులు పోగొట్టుకున్నవాళ్ళు ఊరూరా కనిపిస్తారు. తెల్లబట్టకు ఎక్కువసార్లు మాత్రలతో తగ్గే ఇన్‌ఫెక్షనే కారణం. పరీక్ష ఫలితం చేతికి రాకుండా, మరో డాక్టరు చూడకుండా ఆపరేషన్ టేబుల్ ఎక్కే తొందర ఏమీ లేదు.

అలాగని అన్నిటినీ తేలిగ్గా తీసుకోకండి. కలయిక తర్వాత రక్తం, ముట్లుడిగాక మళ్ళీ రక్తం, దుర్వాసనతో స్రావం ఉంటే స్క్రీనింగ్ రోజు కోసం ఆగకూడదు. నిరుడు పరీక్ష బాగుందన్న ధీమా కూడా పనికిరాదు. నేరుగా స్త్రీల వైద్యుల దగ్గరికి వెళ్ళాలి.

మచ్చ ఉందనగానే క్యాన్సర్ అనుకోకండి. వాపు వల్లా తెల్లబడవచ్చు. నిజంగా ముందస్తు మార్పే అయినా, చాలామందికి వేడితో మాడ్చే థర్మల్ అబ్లేషన్ సరిపోతుంది, కడుపు కోయనక్కర్లేదు. ఆ తర్వాత కొన్ని వారాలు నీళ్ళలా స్రావం అవుతుంది. నెల రోజులు కలయిక వద్దంటారు, పాటించండి.

హెచ్‌పీవీ ఉందని తేలితే మొగుణ్ణో మిమ్మల్నో నిందించుకోవద్దు. కాపురం చేసే ఎవరికైనా సోకే వైరస్ ఇది, ఎన్నేళ్ళ కిందటిదో ఎవరూ చెప్పలేరు.

క్లినిక్కు సిబ్బందికి

గ్లేషియల్ అసిటిక్ యాసిడ్‌ను సూటిగా ఎప్పుడూ వాడకండి, లోపల కాలిపోతుంది. 95 మిల్లీలీటర్ల శుద్ధజలంలో 5 మిల్లీలీటర్లు కలిపి ఏ రోజుది ఆ రోజే తయారుచేసుకోండి. సీసాకు చీటీ అంటించండి, అసలు యాసిడ్ సీసాను పరీక్ష బల్ల దగ్గర ఉంచకండి. ఒకరికి వాడిన స్పెక్యులమ్‌ను ఆటోక్లేవ్ చేయకుండా మరొకరికి వాడకూడదు. తెర లేకుండా, మంచి వెలుతురు లేకుండా మొదలుపెట్టవద్దు. ఫలితాన్ని వరండాలో పేరు పెట్టి పిలిచి చెప్పవద్దు. అక్కడ కూర్చున్నవాళ్ళంతా ఆవిడ ఊరివాళ్ళే.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తప్పు రిఫరల్ దగ్గర జరుగుతుంది. మచ్చ కనిపించినావిడకు చీటీ రాసిచ్చి, రిజిస్టరులో టిక్కు పెట్టి, పని అయిపోయిందనుకుంటాం. పెద్దాసుపత్రికి బస్సు ఛార్జీ, ఒక రోజు కూలీ, ఇంట్లో చెప్పాల్సిన సంజాయిషీ ఆవిడ నెత్తినే పడతాయి. ఏ రోజు, ఏ గదికి, ఎవరిని కలవాలో చీటీ మీదే రాయండి. ఆశమ్మ వెంట వెళ్ళగలదేమో చూడండి. ఆ తేదీ దాటిన మర్నాడే ఫోన్ చేసి వెళ్ళారా అని అడగండి. వెళ్ళకపోతే ఇంకో తేదీ ఇప్పించండి.