ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ: మీకు ఏ పద్ధతి కరెక్ట్?

నేను ఉండేది హసన్‌పర్తిలో. ఒకపక్క అనంతసాగర్‌లో ఎస్‌ఆర్ యూనివర్సిటీ, ఇంకోపక్క ఎర్రగట్టుగుట్ట దగ్గర కిట్స్ కాలేజీ. అందుకే బీటెక్ తమ్ముళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే: "అన్నా, ల్యాబ్‌కి లినక్స్ కావాలి, విండోస్ పోకుండా ఎట్లా?"

చాలామంది ఇళ్లలో ఉండేది ఒక్కటే ల్యాప్‌టాప్. అక్క ప్రాజెక్ట్, ఇంటి ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు అన్నీ అందులోనే ఉంటాయి. ఒక్క తప్పు క్లిక్‌తో అవన్నీ పోవచ్చు. కాబట్టి రిస్క్ తక్కువ ఉన్న పద్ధతి నుంచి మొదలుపెట్టి నాలుగు దారులు చూద్దాం.

1. డబ్ల్యూఎస్‌ఎల్
ఇది విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం. మైక్రోసాఫ్ట్ దీన్ని 2016లో తెచ్చింది. పవర్‌షెల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, డబ్ల్యూఎస్‌ఎల్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, రెండు హైఫన్లు, వాటి పక్కనే ఇన్‌స్టాల్ అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. రీస్టార్ట్ చేస్తే ఉబుంటు రెడీ. విండోస్ హోమ్ ఎడిషన్‌లో కూడా పనిచేస్తుంది. సీ, పైథాన్, షెల్ కమాండ్స్ నేర్చుకోవడానికి ఇది చాలు.

2. వర్చువల్ మెషీన్
వర్చువల్‌బాక్స్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో విండోస్‌లో ఒక కిటికీ తెరిచి, అందులో పూర్తి లినక్స్ డెస్క్‌టాప్ నడపొచ్చు. లోపల ఏం పాడైనా ఆ మెషీన్ ఫైల్ డిలీట్ చేస్తే సరిపోతుంది. మన తెలుగు వాలంటీర్లు తయారుచేసిన 'స్వేచ్ఛ' ఓఎస్‌ని చూడాలన్నా ఇదే సేఫ్ దారి.

ఇక్కడ చిక్కు ర్యామ్‌తోనే. రెండు ఓఎస్‌లూ ఒకేసారి నడుస్తాయి కాబట్టి ఉన్న ర్యామ్‌ని పంచుకోవాలి. 8 జీబీ ఉంటే లినక్స్‌కి 4 జీబీ మించి ఇవ్వకండి. 4 జీబీ మాత్రమే ఉంటే ఈ పద్ధతి జోలికి పోకండి. ముందుగా టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, సీపీయూ కింద వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే బయోస్‌లో ఆన్ చేయాలి.

3. లైవ్ యూఎస్‌బీ
8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్‌లో రూఫస్‌తో లినక్స్ రాసి, దాని నుంచే బూట్ చేయడం. పెన్‌డ్రైవ్‌లో పాత ఫైల్స్ పోతాయి కానీ, ట్రై ఆప్షన్ ఎంచుకుంటే హార్డ్ డిస్క్‌లో ఏమీ మారదు. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయా లేదా అని టెస్ట్ చేయడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

4. డ్యూయల్ బూట్
డిస్క్‌ని రెండు భాగాలు చేసి, ఆన్ చేసినప్పుడల్లా ఏ ఓఎస్ కావాలో ఎంచుకోవడం. ఆ టైమ్‌లో ఒక్క ఓఎసే నడుస్తుంది కాబట్టి ర్యామ్ మొత్తం దానికే. స్పీడ్ ఎక్కువ, రిస్క్ కూడా ఎక్కువే. ఈ క్రమం తప్పకండి:

- ముఖ్యమైన ఫైల్స్‌ని వేరే డ్రైవ్‌కి కాపీ చేసి, అక్కడ తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.
- బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకుని, దాన్ని ఆఫ్ చేయండి. కీ లేకుండా డిస్క్ లాక్ అయితే డేటా తిరిగి రాదు.
- ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయండి.
- డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ని ష్రింక్ చేసి కనీసం 50 జీబీ ఖాళీ చేయండి. ఛార్జర్ పెట్టే ఉంచండి.
- ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'విండోస్ పక్కన' అనే ఆప్షన్ ఎంచుకోండి. 'ఎరేజ్ డిస్క్' నొక్కారో, విండోస్‌తో పాటు మీ ఫైల్స్ కూడా పోతాయి.

ఇన్‌స్టాల్ అయ్యాక విండోస్‌లో టైమ్ తప్పుగా కనిపిస్తే కంగారు పడకండి. విండోస్ గడియారాన్ని లోకల్ టైమ్‌గా చదువుతుంది, లినక్స్ యూటీసీగా చదువుతుంది. మనకి ఐదున్నర గంటల తేడా అందుకే. లినక్స్‌లో లోకల్ టైమ్ సెట్టింగ్ మారిస్తే సరి.

మరి ఏది ఎంచుకోవాలి? ల్యాబ్ ప్రోగ్రామ్స్‌కి డబ్ల్యూఎస్‌ఎల్. కొత్త ఓఎస్‌లు చూడాలనే సరదాకి, ర్యామ్ ఉంటే, వర్చువల్ మెషీన్. రోజూ లినక్స్ మీదే పని చేస్తాం అనుకుంటే ముందు లైవ్ యూఎస్‌బీతో టెస్ట్ చేసి, ఆ తర్వాతే డ్యూయల్ బూట్. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది కాబట్టి, విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి లినక్స్ నేర్చుకోవడం ఇప్పుడు ఇంకా అవసరం. ఎగ్జామ్ ముందురోజు రాత్రి మాత్రం డ్యూయల్ బూట్ పెట్టుకోకండి. తీరిక ఉన్న ఆదివారం చూసుకోండి.