పాత లేత్ కొనబోతున్న మనవరాలికి

నాంపల్లి,
ఆదివారం.



నువ్వు పంపిన ఫొటోలు కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాను. స్టేషన్ వెనక సందులో మూసేస్తున్న షాపు నుంచి ఆ ఆరడుగుల కిర్లోస్కర్ లేత్ కొని, ఉప్పల్ ఇంట్లో కింది గదిలో పెట్టుకుంటానంటున్నావు. మీ నాన్న ఫోన్ చేసి, "పాత ఇనుము ఇంట్లోకెందుకు బాపూ, నువ్వయినా చెప్పు" అన్నాడు. చెప్తానన్నాను. వద్దని మాత్రం చెప్పను.

ఆ మిషను పుట్టిల్లు హరిహర్. మైసూర్ కిర్లోస్కర్ 1941లో అక్కడ మొదలైంది. స్విట్జర్లాండ్ ఓర్లికాన్ వాళ్ల సాయంతో బెంగళూరులో హెచ్ఎంటీ వచ్చింది 1953లో, అంటే ఆ తర్వాతే. జాబ్‌ని పట్టుకునే చక్ మీద "ప్రాగా" అన్న అక్షరాలు కనిపించాయి. అది మన ఊరిదే. కవాడిగూడలో 1943లో మొదలైన ప్రాగా టూల్స్ సరుకు. దవడలు అరగకపోతే ఆ చక్ ఒక్కటే సగం ధర చేస్తుంది. ఈ మాట షాపాయనతో అనకు.

పాత ఇనుము అన్నాడు కదా మీ నాన్న, ఒకటి చెప్తాను. అబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వెళ్లేటప్పుడు గన్‌ఫౌండ్రీ దాటుతావు కదా. 1786లో ఫ్రెంచి దొర రేమండ్ నిజాం సైన్యానికి ఫిరంగులు పోత పోయించిన చోటు అది. పేరు బస్సు బోర్డుల మీద మిగిలింది, పని మిగల్లేదు. ఆ తర్వాత పదిహేనేళ్లలోపే లండన్‌లో మాడ్స్‌లీ అనేవాడు మరలు కోసే లేత్ కట్టాడు. చిన్నప్పుడు వూలిచ్ ఆయుధశాలలో పని నేర్చినవాడే అతనూ. లీడ్ స్క్రూ, దాని వెంట నడిచే సాడిల్, మార్చుకునే గేర్లు: నువ్వు కొనబోయే దాంట్లో ఉన్న ఏర్పాటు అప్పటిదే. కాబట్టి పాతదని భయపడకు. భయపడాల్సింది రంగుకి.

ఫొటోలో పచ్చరంగు తళతళలాడుతోంది. అమ్మే ముందు రంగేస్తారు బిడ్డా. నువ్వు చూడాల్సింది రంగు వెయ్యలేని చోటు, అంటే సాడిల్ నడిచే బెడ్డు. షాపుల్లో వచ్చే పని ఎక్కువగా పొట్టిది. బుష్షులు, పిన్నులు, చిన్న షాఫ్టులు. అందుకని సాడిల్ జీవితమంతా చక్ పక్కనే ముందుకూ వెనక్కూ నడుస్తుంది. బెడ్డు అరిగేదీ అక్కడే. చక్ దగ్గర వీ గైడు అంచున గోరు పెట్టి గీస్తే చిన్న గట్టు తగులుతుందేమో చూడు. తర్వాత సాడిల్‌ని అక్కడే ఊగకుండా గిబ్ పట్టీ బిగించి, చేత్తో తిప్పుతూ అవతలి కొసనున్న టెయిల్‌స్టాక్ వైపు తీసుకెళ్లు. చివరిదాకా ఒకే తీరున నడిస్తే నీ అదృష్టం. మధ్యలో బిగుసుకుపోతే, ఎక్కడ బిగిసిందో అక్కడి నుంచి ఇవతలంతా అరిగిందన్న మాట.

అరిగింది కదా అని వదిలెయ్యకు. ఇక్కడో లెక్కుంది, కాలేజీలో చెప్పారో లేదో. యాభై మిల్లీమీటర్ల జాబ్ మీద టూలు పదోవంతు మిల్లీమీటరు కిందికి దిగితే వ్యాసంలో వచ్చే తేడా అర మైక్రాన్ కూడా ఉండదు. అదే పదోవంతు టూలు పక్కకి, నీ వైపు జరిగితే వ్యాసం 0.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అరుగుదల ఎంత అన్నదానికంటే ఏ దిక్కున అన్నదే ముఖ్యం. ముందరి వీ గైడు అరిగితే టూలు కిందికీ దిగుతుంది, పక్కకీ జరుగుతుంది. ఆ పక్కకి జరగడాన్నే కొలవాలి.

కొలిచే ముందు మిషను సరిగ్గా నిలబడాలి. ఇది ఎంత చెప్పినా తక్కువే. షాబాద్ బండల మీద, ఎగుడుదిగుడుగా బోల్టులు బిగించేసిన లేత్ బెడ్డు మెలి తిరుగుతుంది. అంత బరువు పోత ఇనుమైనా సరే, తిరుగుతుంది. అప్పుడు జాబ్ టేపరొస్తుంది, చూసినవాడు "అరిగిపోయింది, తుక్కుకి వేసెయ్" అంటాడు. బాగున్న లేత్‌లు అలా తుక్కులోకి పోయాయి. మంచి స్పిరిట్ లెవెల్ పెట్టి ముందు మట్టం చెయ్. తర్వాత లావుపాటి కడ్డీ ఒకటి చక్‌లో పట్టు, టెయిల్‌స్టాక్ ఆసరా ఇవ్వకు. కడ్డీకి రెండు కొసల్లో రెండు కాలర్లు వదిలి, మధ్యలో లోతు తీసెయ్. టూలు కదపకుండా రెండు కాలర్ల మీదా ఒకే సన్నటి కోత పోనిచ్చి మైక్రోమీటరుతో కొలువు. తేడా ఉంటే టెయిల్‌స్టాక్ వైపు కాళ్ల కింద రేకు ముక్కలు పెడుతూ, తీస్తూ సరిచెయ్. విసుగు పుట్టే పని. దీని తర్వాత కూడా మిగిలిన తేడాయే అసలైన అరుగుదల.

అప్పుడైనా బెడ్డు గ్రైండింగుకి పంపించాలని తొందరపడకు. బెడ్డు మీద అర మిల్లీమీటరు లేపేస్తే సాడిల్ అంత కిందికి దిగుతుంది. దాంతోపాటు దాని ముందు వేలాడే ఏప్రన్ కూడా దిగి లీడ్ స్క్రూతో పొత్తు చెడుతుంది. మళ్లీ సాడిల్ అడుగున పట్టీలు అంటించి ఎత్తు కలపాలి. ఆ ఖర్చుతో ఇంకో లేత్ వస్తుంది. క్రాస్ స్లైడు లాంటి చిన్న వాటికైతే సర్ఫేస్ ప్లేటు మీద నీలం పూసి, అంటుకున్న ఎత్తులు స్క్రేపరుతో గీకడం నేర్చుకో. చేతిలో ఓపిక ఉంటే వచ్చేస్తుంది. ఎక్కడ ఎంత తప్పు చెబుతుందో తెలిసిన పాత లేత్‌తో నిక్కమైన పని తీయొచ్చని నా నమ్మకం. మా కాలం టర్నర్లంతా బతికింది అలాగే.

తుడవడానికి కిరసనాయిలు, బ్రష్షు, పాత గుడ్డ చాలు. బెడ్డు మీద ఎమరీ కాగితం మాత్రం పెట్టకు. ఆ రజను సాడిల్ కింద చేరిందంటే నువ్వు నిద్రపోతున్నా అరగదీస్తున్నట్టే లెక్క. సాడిల్ కొసల్లో ఉండే ఫెల్ట్ ముక్కలు ఎండి రాయయి ఉంటాయి, కొత్తవి వెయ్. రాణీగంజ్‌లో దొరుకుతాయి.

కరెంటు సంగతి. షాపులో త్రీ ఫేజు, మీ ఇంట్లో సింగిల్ ఫేజు. మోటారు మార్చక్కర్లేదు. సింగిల్ ఫేజు తీసుకుని 230 వోల్టుల త్రీ ఫేజు ఇచ్చే వీఎఫ్‌డీ పెట్టు. మోటారు టెర్మినల్ పెట్టెలో ఆరు వైర్లుంటే, ప్లేటు మీద 230 డెల్టా, 415 స్టార్ అని ఉంటే, స్టార్ నుంచి డెల్టాకి మార్చాలి. వీఎఫ్‌డీకీ మోటారుకీ మధ్య పాత స్విచ్చు ఉంచకు.

దింపేటప్పుడు తాడు స్పిండిల్‌కీ లీడ్ స్క్రూకీ కట్టనివ్వకు. హమాలీలు అనుభవం ఉన్నవాళ్లే, అయినా నువ్వు పక్కనుండు. హెడ్‌స్టాక్ వైపే బరువంతా, మిషను అటే ఒరుగుతుంది.

నడిపేటప్పుడు చున్నీ తీసి మేకుకి తగిలించు, జడ ముడేసుకో, చేతికి గ్లోవ్స్ తొడుక్కోకు. చక్ తాళం చక్‌లో ఉండగా చెయ్యి దాని మీంచి తియ్యకు. ఈ నాలుగు మాటల్లో వాదన లేదు.

ఇంకోటి. ఆ లీడ్ స్క్రూ అంగుళాల లెక్కదైతే, మెట్రిక్ మరలు కొయ్యడానికి 127 పళ్ల గేరు కావాలి. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, దాన్ని అయిదుతో హెచ్చిస్తే 127. అలా కోసేటప్పుడు లీడ్ స్క్రూని పట్టే హాఫ్ నట్ విప్పకు, మోటారు వెనక్కి తిప్పి రా. కాని చక్ స్పిండిల్‌కి మరతో బిగించిన రకమైతే వెనక్కి గట్టిగా తిప్పితే ఊడొస్తుంది, నెమ్మదిగా తిప్పు. అబిడ్స్ ఆదివారం పుస్తకాల్లో సౌత్ బెండ్ వాళ్ల "హౌ టు రన్ ఎ లేత్" కనిపిస్తే బేరమాడకుండా తీసుకో. 1907లో మొదలైన పుస్తకం, బొమ్మలు చూస్తేనే సగం పని వస్తుంది.

వచ్చే శనివారం మధ్యాహ్నం ఆ షాపుకి ఇద్దరం వెళ్దాం. డయల్ గేజీ, మాగ్నెట్ స్టాండు నేను తెస్తాను. అందాకా అడ్వాన్సు ఇవ్వకు. ఫొటోల్లో ఆ మార్చుకునే గేర్ల డబ్బా ఎక్కడా కనిపించలేదు, ఆయన్ని అడుగు. "ఎక్కడో ఉందమ్మా, తర్వాత ఇస్తాను" అంటే, దొరికాకే బేరం అని చెప్పు.

నీ తాత