గోడ మీద ఒక చుక్క



మీ పిల్లవాడి ధ్యాస పుస్తకం మీద నిలవడం లేదా? 1922లో మధ్యప్రదేశ్‌లో పుట్టిన సయ్యద్ హైదర్ రజా కూడా అలాంటి పిల్లవాడే. బడిలో మాస్టారు గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నారట. రజా 1950లో పారిస్ వెళ్లారు. 1956లో అక్కడి విమర్శకుల బహుమతి అందుకున్నారు. అయినా తన బొమ్మల్లో తనదైనదేదో లేదనిపించింది. వెతుకులాటలో ఆ చుక్కే ‘బిందువు’గా తిరిగొచ్చింది. అప్పటికి ఆయన వయసు 60కి దగ్గర!

ఆయన బిందు చిత్రాలు స్క్రీన్ ప్రింట్లుగానూ వచ్చాయి. మన శుభలేఖలు అచ్చయ్యే పద్ధతే ఇది. చట్రానికి బిగించిన సన్నని జాలీగుడ్డలో రంగు దిగాల్సిన చోటు వదిలి, మిగతాది మూసేస్తారు. రబ్బరు పట్టీతో రంగు లాగుతారు. సాధారణంగా ఒక్కో రంగుకు ఒక్కో తెర. ప్రతుల సంఖ్య ముందే నిర్ణయిస్తారు. అడుగున ‘12/100’ అని ఉంటే, 100 ప్రతుల్లో 12వది అని అర్థం. పక్కనే చిత్రకారుడి సంతకం.

ఇంట్లో చేయించండి: పాత అట్టలో గుండ్రని రంధ్రం, మరో అట్టలో త్రిభుజం కత్తిరించండి. స్పాంజితో ఒక్కో అట్టకు ఒక్కో రంగు అద్దించండి. మొదటి రంగు ఆరాకే రెండోది. అయిదు ప్రతులు తీసి, అంకె వేసి, సంతకం చేయనివ్వండి.

“ఇదేం బొమ్మ?” అనకండి. “ఈ రంగు ఇక్కడే ఎందుకు పెట్టావు?” అని అడగండి. జవాబు చెప్పేదాకా ఆగండి.