కౌమారప్రాయము - పంచాయతీ బాధ్యత

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట గ్రామములలో పత్తికి, మిరపకు తెగులు సోకినచో రైతు ముందుగా ఆకు త్రిప్పి చూచును. బడి మాని, ఎవరితోను పలుకక, నిద్ర లేక, చీటికిమాటికి కోపించు పిల్లవానిని మాత్రము మనము "మొండివాడు" అని త్రోసివేయుచున్నాము. మానసిక రుగ్మతలలో సుమారు సగము 18 ఏండ్లలోపుననే మొదలగుచున్నవి. ఇవి దండనతో కుదురునవి కావు. "పెండ్లి చేసిన కుదురుకొనును" అనుటయు పొరపాటే. అందువలన మరియొక జీవితము కూడ చిక్కులలో పడును.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులివి:

1. బడి మానిన పిల్లలెవరో ఉపాధ్యాయుల వలన తెలిసికొని, వారి యింటికి పోయి, మొదట వారి మాట వినవలెను. విన్న సంగతిని రచ్చబండపై చర్చింపరాదు.

2. ఆశా కార్యకర్త తోడ్పాటుతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. 2022లో ఆరంభమైన టెలి మానస్ సంఖ్య 14416కు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును. ఆపదలోనున్న బాలలకు సహాయ సంఖ్య 1098.

3. "చచ్చిపోయెదను" అను మాటను బెదిరింపుగా నెంచరాదు. పిల్లను గాని, పిల్లవానిని గాని ఒంటరిగా విడువక, ఇంటనున్న పురుగుమందును వెంటనే అందకుండ తాళము వేయింపవలెను. క్షణికావేశమున చేయి చాచినపుడు మందు దొరకకుండుటయే ప్రాణము నిలుపును.

4. తప్పు చేసిన 18 ఏండ్లలోపు వారిని పోలీసు లాకప్పునందు గాని, జైలునందు గాని ఉంచరాదని 2015 బాలల న్యాయ చట్టము శాసించుచున్నది. ఈ సంగతి తల్లిదండ్రులకు తెలుపవలెను.

వీథులు, దీపములు, మంచినీరు మాత్రమే పంచాయతీ పనులు కావు. రేపటి గ్రామము నేటి పిల్లలే గదా!