వంతెన అవతలి నాన్న

కాకినాడ,
ఆదివారం రాత్రి.

అమ్మలూ,

నిన్న నా మాట సగంలో ఉండగానే ఫోన్ పెట్టేశావు. కాగితాన్ని అలా పెట్టెయ్యలేవు కదా, అందుకే రాస్తున్నాను. కోపమొస్తే బీరువా మీద పడేసి, తగ్గాక మళ్ళీ తీసి చదువు.

"మా ఆయనది అమలాపురం, మాది యానాం. ఆ రాష్ట్రం వేరు, ఆ కోర్టు వేరు. బాబుని చూపించను, ఏం చేస్తాడో చూస్తాను" అన్నావు. ఎవరు చెప్పారో గానీ సగమే చెప్పారు. నలభై ఏళ్ళు వకీలు గుమాస్తాగా కోర్టు మెట్లు ఎక్కి దిగినవాణ్ణి, మిగతా సగం నేను చెబుతాను.

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం పిల్లాడు మామూలుగా ఉండే ఊరు ఏ కోర్టు కిందికి వస్తే అక్కడే వాడి గురించిన దావా. నువ్వు యానాం అంటావు. వాడు పుట్టి పెరిగింది అమలాపురంలోనని అతనంటాడు. ముందు ఆ తగువు తేలాలి. పైగా యానాం మద్రాసు హైకోర్టు కింద ఉంది, అమలాపురం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కింద ఉంది. అమలాపురంలో వేసిన కేసుని యానానికి మార్పించుకోవాలంటే ఢిల్లీ సుప్రీంకోర్టుకే అర్జీ పెట్టాలి. మీ రెండూళ్ళ మధ్య ఉన్న ఎదుర్లంక వంతెన మనిషి బండి మీద దాటడానికి అయిదు నిమిషాలు, కేసు కట్ట దాటాలంటే ఢిల్లీ ప్రయాణం! ఇంత చేసినా, ఆ ఒడ్డున కోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఈ ఒడ్డున చెల్లకుండా పోదు.

హద్దు చాటున దాక్కునే ఊరని మన యానానికి ముందునుంచీ పేరుందిలే. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక బ్రిటిష్ ఇండియా వాళ్ళు బాల్యవివాహాలు చెయ్యడానికి ఫ్రెంచి యానానికి వచ్చేవాళ్ళు. మా నాయనమ్మ చెప్పేది, పెళ్ళికూతుళ్ళని చంకనెత్తుకుని తెచ్చేవాళ్ళని. హద్దు చాటున దాక్కున్న పెద్దల ముచ్చట తీరింది, పిల్లల బతుకు ఏమైందో ఎవడూ అడగలేదు. నువ్వూ ఆ హద్దే పట్టుకుంటున్నావు.

బాబుకి నాలుగేళ్ళు. అయిదేళ్ళలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 చట్టం చెబుతోంది. కనుక వాణ్ణి లాక్కుపోతారని భయపడకు. కానీ వాడు ఎవరి దగ్గర ఉండాలన్నది ఒక మాట, నాన్నని చూడాలా వద్దా అన్నది ఇంకో మాట. తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. దూరంగా ఉన్నవాళ్ళు ఫోన్లో, వీడియోలో మాట్లాడే వీలు కూడా ఉండాలంది. అతను నిన్ను కొట్టినవాడో, తాగి వచ్చేవాడో అయితే ఈ ఉత్తరం వేరేగా ఉండేది. గృహహింస చట్టం కింద చూడడానికే వీల్లేదని మేజిస్ట్రేటు ఆపగలడు. నీది ఆ గొడవ కాదని నువ్వే చెప్పావు.

డబ్బు పంపడం లేదన్నావు. అడుగు, గట్టిగా అడుగు, మనోవర్తికి వేరే దరఖాస్తు ఉంది. పంపేదాకా బిడ్డని చూపించననడం మాత్రం తాకట్టు వ్యాపారం.

ఒకసారి ఒక కోర్టు వరండాలో చూశాను. కూతుర్ని చూడడానికి పదింటికి రమ్మన్నారని ఒకతను తొమ్మిదిన్నరకే వచ్చి కూర్చున్నాడు. ఒళ్ళో కొత్త చెప్పుల పెట్టె. పిల్లకి కొలత తెలీదట, అందుకని రెండు సైజులు తెచ్చాడు. ఒంటిగంటకి ఎవరో వచ్చి పిల్లకి జ్వరమని చెప్పి వెళ్ళారు. అతను ఒక్క మాటా అనలేదు. రెండు జతలూ మళ్ళీ పెట్టెలో సర్ది, దారం కట్టుకుని వెళ్ళాడు. తన బిడ్డ కాలి కొలత తండ్రికి తెలీకపోవడానికి ఎన్ని వాయిదాలు కావాలో లెక్కవేసుకో.

అతను వస్తే మర్యాద చెయ్యాలా అని అడుగుతావేమో. 2022లో మద్రాసు హైకోర్టు జడ్జి ఒకరు అచ్చం అలాగే, బిడ్డని చూడటానికి వచ్చినవాణ్ణి అతిథిలా చూసి టీ, ఫలహారం పెట్టమన్నారు. ఆ మాటని తర్వాత ఇద్దరు జడ్జీల బెంచి తీసేసింది. కాబట్టి కాఫీ నీ ఇష్టం, గుమ్మంలో బిడ్డ ఎదురుగా తిట్లు మాత్రం వద్దు.

1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. యానాం కోర్టులో అడుగు, లేదా 15100కి ఫోన్ చెయ్యి. కేసు వెయ్యకముందే లోక్ అదాలత్‌లో రాజీ రాసుకుంటే దానికి డిక్రీ విలువ ఉంటుంది. కాగితంలో "వీలున్నప్పుడు చూడవచ్చు" అని రాయనివ్వకు. తగువంతా ఆ మాటలోనే ఉంటుంది. ఏ ఆదివారం, ఎన్ని గంటలకి, రాజీవ్ బీచ్ దగ్గరా మీ అరుగు మీదా, తెచ్చేదెవరు, జ్వరమొస్తే ఎప్పటిలోగా చెప్పాలి, పోయిన రోజుకి బదులు ఏ రోజు, భోగి ఎక్కడ, కనుమ ఎక్కడ, రాత్రి నిద్ర ఏ వయసు నుంచి, అన్నీ రాయించు. బడికి వెళ్ళే వయసొచ్చాక మార్చమని అడగొచ్చు, ఇవేమీ శిలాశాసనాలు కావు.

ఇదే కవరులో నేను రాసిన రాజీ కాగితం చిత్తు ఉంది. వేళల దగ్గర ఖాళీ వదిలాను. నీకు కుదిరేవి పెన్సిల్‌తో నింపి, శనివారం లోపల ఒక నకలు అతనికి పంపు. పంపాక నాకు ఫోన్ చెయ్యి, ఈసారి మధ్యలో పెట్టెయ్యకు.

ఇట్లు,
పెదతాతయ్య