ఊరు పేరు తెలియని బేరగానికి వస్తువు చూపుట

బాన్సువాడ బజారులో కాగితములు, కలములు అమ్ము అంగడికి పొరుగూరి బాలుడొకడు వచ్చెననుకొందము. అంగడివాడు వాని నెఱుగడు. బాలుడు మొదట నోటుపుస్తకమును చూచెను, పిదప జామెట్రీ పెట్టెను తెఱచెను, కలమును చేతబట్టెను, మరల జామెట్రీ పెట్టెయొద్దకే వచ్చెను, తుదకు అట్లాసును తిరుగవేసెను. ఇంతలో అంగడివాడు రంగుపెన్సిళ్ల డబ్బా తీసి ముందుంచెను. పేరడుగలేదు; తండ్రి యెవరని యడుగలేదు. బాలుని చూపు నడచిన త్రోవయే వానికి చాలినది.

ఆన్‌లైను అంగళ్లలో ఈ పనిని కంప్యూటరు చేయుచున్నది. ఖాతా తెఱువక, పేరు చెప్పక చూచిపోవువారు అచ్చట అనేకులు. వారు పూర్వమేమి కొనిరో యంత్రమునకు తెలియనప్పుడు, ఆ యొక్క విడతలో వరుసగా నొక్కిన నాలుగైదు వస్తువులను బట్టియే తరువాతి దానిని ఊహింపవలెను. "పేరు చెప్పకున్నను ఫోనుకు మా మనసెట్లు తెలియుచున్నది?" అని మా విద్యార్థులు పలుమారు అడిగినందున ఈ పాఠమును వ్రాయుచున్నాము.

2015 ప్రాంతమున హంగేరీ దేశస్థుడగు బలాజ్ హిదషియు ఆయన సహచరులును ఈ వరుసను వరుసగానే చదువు రికరెంట్ న్యూరల్ నెట్‌వర్కును ఇందుకు వినియోగించిరి. అది దండలోని పూసలను ఒక్కొక్కటిగా లెక్కించుట వంటిది. కాని మన బాలుడు జామెట్రీ పెట్టెయొద్దకు తిరిగి వచ్చెను గదా! ఆ తిరిగివచ్చుటలోనే వాని మనసున్నది. 2019 లో షు వు మొదలగు చైనా పరిశోధకులు దండకు బదులు పటమును గీచిరి. ఆ పటమే గ్రాఫు.

గణితపు తరగతిలో గళ్ల కాగితముపై గీయు గ్రాఫు వేఱు, ఇది వేఱు. ఇందు బిందువులును, వానిని కలుపు రేఖలును మాత్రమే యుండును. బాన్సువాడ, బోధన్, ఎల్లారెడ్డి, నిజామాబాదు అను ఊళ్లు బిందువులనియు, నడుమ నున్న రోడ్లు రేఖలనియు తలచిన నది గ్రాఫే. 1736 లో ఆయిలర్ పండితుడు కోనిగ్స్‌బర్గు పట్టణపు ఏడు వంతెనల చిక్కును ఈ విధముగానే విప్పెను.

ఇప్పుడు పలకపై గీయుడు. బాలుడు అయిదు మారులు చూచినను బిందువులు నాలుగే. ఏలయన జామెట్రీ పెట్టె రెండుమారులు వచ్చినది. బాణములు నాలుగు: పుస్తకమునుండి పెట్టెకు, పెట్టెనుండి కలమునకు, కలమునుండి మరల పెట్టెకు, పెట్టెనుండి అట్లాసునకు. పెట్టెనుండి బయలుదేరు బాణములు రెండు గనుక ఒక్కొక్కదాని విలువ సగము.

ప్రతి వస్తువునకు యంత్రము ఒక సంఖ్యల వరుసను ఉంచుకొనును; పై పరిశోధకులు నూఱేసి సంఖ్యలను వాడిరి. ప్రతి బిందువును తన పొరుగు బిందువుల సంఖ్యలను తెచ్చుకొని తన సంఖ్యలను దిద్దుకొనును. పాతది ఎంత నిలుపవలెనో, క్రొత్తది ఎంత రానీయవలెనో నిర్ణయించుటకు నడుమ ద్వారములు కలవు. 1931 లో ముగిసిన నిజాంసాగరు కాలువకు తూములెట్లో, వీనికి ఈ ద్వారములట్లు. అయితే కాలువ నీరు పల్లమునకే పాఱును; ఇచ్చటి వార్త బాణము వెంబడియు, బాణమున కెదురుగను గూడ పోవును. పిమ్మట చివర చూచిన వస్తువును ప్రత్యేకముగను, తక్కినవానిని దానితో పోల్చి తగిన పాలుగను కలిపి, అంగడిలోని ప్రతి వస్తువునకు మార్కులు వేయును. ఎక్కువ మార్కులు వచ్చినవి మన కంటికి కనబడును. అభ్యాసకాలమున ఊహ తప్పినప్పుడెల్ల సంఖ్యలు కొంచెము కొంచెముగా సవరింపబడును. కాపీపుస్తకములో మేము ఎఱ్ఱసిరా పెట్టుటయు నిట్టిదే. కాని యంత్రము విసుగుకొనదు!

దీని ఊహ ఎంతమాత్రము సరియైనది? డిజినెటికా అను అంగడి లెక్కలలో 43,097 వస్తువులుండగా, యంత్రము ఎంచిన 20 లో అసలు వస్తువు నూటికి సుమారు 50 మారులు దొరకెను. గొప్పయే; కాని తక్కిన సగము తప్పినది. మఱియు 2018 లో లుడెవిగ్, యాన్నాక్ అను వారు, ఒకే తీరు త్రోవలను వెదకి పోల్చు సామాన్య పద్ధతి రికరెంట్ యంత్రమునకు పలుచోట్ల తీసిపోదని చూపిరి. క్రొత్తదెల్ల మేలైనదని విద్యార్థులు తలపరాదు.

ఇంకొక మాట. యంత్రమెఱిగినది మీరు దేనిని నొక్కుదురో యనునదే. మీకేది కావలెనో అది యెఱుగదు. మా విద్యార్థి యొకడు నిఘంటువు కొఱకు వెదకుచు ఇయర్‌ఫోన్లను ఒక్కమారు నొక్కెను. చివరి చూపునకు బరువెక్కువ గనుక కాబోలు, ఆపైన అన్నియు ఇయర్‌ఫోన్లే. గంట కొట్టునప్పటికి వాడు నిఘంటువు మాటయే మఱచెను. తల్లిదండ్రులును ఈ సంగతి నెఱుగవలెను: పేరు చెప్పకపోవుట వేఱు, జాడ పడకపోవుట వేఱు. ఒకే ఫోనునుండి పలు విడతలు చూచిన, ఆ జాడలు కలిపి చదువుటకు వీలున్నది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము, 18 ఏండ్లు నిండని వారి నడవడిని కనిపెట్టుచు వెంటాడుటయు, వారికి గురిపెట్టిన ప్రకటనలు చూపుటయు కూడదని చెప్పుచున్నది. మినహాయింపులును కొన్ని కలవు. దీనిని తరగతిలో చెప్పగా, తొమ్మిదవ తరగతి బాలిక లేచి, "సారూ, పేరే అడుగని యంత్రమునకు నాకు పదునాలుగేండ్లని ఎట్లు తెలియును?" అని అడిగెను. వయసు తెలియవలెనన్న ఏదో యొక గుర్తు చూపవలెను. గుర్తు చూపిన పేరు దాగదు. ఆ రెంటి నడుమ గీత ఎచ్చట గీయవలెనో ఆ దినమున మేము చెప్పలేకపోతిమి.