‘న్యూ పెన్స్’ నాణేలకు లక్షలొస్తాయా?

ప్రశ్న: లండన్‌లో పనిచేసిన మా పెదనాన్నగారి డబ్బాలో ‘న్యూ పెన్స్’ అని ఉన్న 2 పెన్స్ నాణేలు దొరికాయి. లక్షలు పలుకుతాయంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మాధవరం, చెన్నై

జవాబు: ముందు సంవత్సరం చూడండమ్మా. 1971 నుంచి 1981 దాకా ముద్రించిన 2 పెన్స్ నాణేలన్నిటిపైనా ఆ మాటే ఉంటుంది. చేతులు మారి అరిగినవైతే పెద్దగా ఏమీ రాదు. మన ‘నయా పైసా’లో ‘నయా’ 1964లో పోయినట్టే, అక్కడ ‘న్యూ’ 1982లో పోయి ‘టూ పెన్స్’ అయింది. 1983లో మాత్రం పొరపాటున కొన్నిటిపై పాత అచ్చే పడింది. అవి సేకరణదారుల కోసం చేసిన సెట్లలో వచ్చాయి. వందల పౌండ్లు పలికేవి అవే. మీ దగ్గర అలాంటిది ఉంటే చింతపండు పెట్టి మాత్రం తోమకండి, తోమిన నాణేన్ని తెలిసినవాళ్లు ముట్టుకోరు. ముందుగా కమీషన్ కట్టమనే ఆన్‌లైన్ బేరగాళ్ల గురించి రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.